1980ల హాంకాంగ్ సినిమాల్లో ఫైట్లు గొప్పవా, కామెడీ గొప్పదా?

మీరు అడిగినవి మూడు. 1980ల్లో వచ్చిన హాంకాంగ్ సినిమాల్లో యాక్షన్ బాగుంటుందా కామెడీ బాగుంటుందా, అదే కాలంలో జపాన్ వాళ్ళు తీసినవాటితో పోలిస్తే ఎలా ఉంటాయి, జాకీ చాన్ పేరు తప్ప ఇంకేమీ తెలియనివాళ్ళు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చుకున్న రోజుల నుంచీ ఇవి చూస్తున్నవాణ్ణి, కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

మొదటి ప్రశ్న మన తెలుగు సినిమా అలవాటులోంచి వచ్చింది. అప్పట్లో మనకు కామెడీ ట్రాక్ వేరుగా ఉండేది. హీరో నలుగురిని చితక్కొట్టి వెళ్ళిపోయాక అల్లు రామలింగయ్య గారు వచ్చి కాసేపు నవ్వించి వెళ్తారు, ఫైట్ మాస్టర్ పని ఆయనది, హాస్యం రాసేవాళ్ళ పని వాళ్ళది, ఒకరి సీన్లో ఇంకొకరు వేలు పెట్టరు. హాంకాంగ్‌లో మంచి సినిమాల్లో ఆ గోడ లేదు. కొట్టేవాడే నవ్విస్తాడు, అదీ కొడుతూ కొడుతూనే. అందుకని ఏది గొప్ప అని అడిగితే నాకు సమాధానం దొరకదు గానీ, ఎవరు ఆ రెండింటినీ ఎలా కలిపారు అని చూస్తే మాత్రం తేడాలు భలేగా కనిపిస్తాయి.

ఒక్క సీన్ చెబుతాను. 'ప్రాజెక్ట్ ఎ' (1983) మొదట్లో కోస్ట్ గార్డ్ వాళ్ళకీ పోలీసులకీ బార్లో పెద్ద కొట్లాట. జాకీ చాన్ ఒక పక్క, యుయెన్ బియావ్ ఇంకో పక్క. కుర్చీలతో ఒకళ్ళనొకళ్ళు గట్టిగా బాదుకుంటారు. ఇద్దరూ ఏమీ కానట్టు మొహాలు పెట్టి చెరో పక్కకీ వెళ్ళిపోయి, స్తంభం చాటుకు చేరాక నొప్పితో మెలికలు తిరిగిపోతారు. అవతలివాడికి మాత్రం కనపడకూడదు! మాట లేదు, పంచ్ డైలాగ్ లేదు. ఆ కుర్చీ దెబ్బ నిజంగా తగిలినట్టు మనకు అనిపించకపోతే ఆ నవ్వు రాదు. ఫైట్ తీసేస్తే కామెడీ పోతుంది, కామెడీ తీసేస్తే అది మామూలు బార్ కొట్లాట.

ఇది ఎలా కుదిరిందంటే, వీళ్ళంతా ఒకే బడిలో పెరిగినవాళ్ళు. యు జిమ్-యుయెన్ అనే గురువుగారు హాంకాంగ్‌లో పెకింగ్ ఒపేరా అనే చైనా సంప్రదాయ నాటకం నేర్పే స్కూలు నడిపేవాడు. సామో హంగ్, జాకీ చాన్, యుయెన్ బియావ్, కోరీ యుయెన్, యుయెన్ వా అందరూ అక్కడే. పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని, ఏళ్ళ తరబడి పల్టీలు, పాట, వేషం, కర్రసాము అన్నీ కలిపి నేర్చుకునేవాళ్ళు. తప్పు చేస్తే బెత్తం. ఒపేరా స్టేజీ మీద యుద్ధం, హాస్యం, ఏడుపు అన్నీ ఆ ఒక్క ఒంటితోనే, వెనక మోగే తాళం ప్రకారం చెయ్యాలి. వీళ్ళ ఫైట్లు గమనించండి: టకటకా నాలుగు దెబ్బలు, ఒక్క క్షణం బిగుసుకుని ఆగడం, మళ్ళీ టకటకా. ఆ ఆగే క్షణంలోనే మొహంలో కామెడీ పలుకుతుంది. మీకు ఆసక్తి ఉంటే 'పెయింటెడ్ ఫేసెస్' (1988) చూడండి, ఆ స్కూలు కథే, అందులో సామో హంగ్ తన గురువు వేషం తనే వేసి ఉత్తమ నటుడి అవార్డు తీసుకున్నాడు. కొట్టుకోవడం పెద్దగా ఉండదు, కానీ మిగతా సినిమాలన్నీ దాని తర్వాత ఇంకోలా కనిపిస్తాయి.

ఇక మనుషుల వారీగా.

జాకీ చాన్ బలం వస్తువులూ, చోట్లూ. నిచ్చెన, సైకిలు, గొడుగు, కుర్చీ ఏది దొరికితే దానితో ఫైట్. 'ప్రాజెక్ట్ ఎ'లో సన్న సందుల్లో సైకిల్ చేజ్ ఉంటుంది, ఆయుధం అనేదే లేకుండా తలుపులు, గోడలు, నిచ్చెనలతోనే అరడజను మందిని పడగొడతాడు. తర్వాత చేతికి బేడీలతో జెండా స్తంభం ఎక్కి గడియారం గోపురంలోకి దూరడం, లోపల పళ్ళచక్రాల మధ్య ఫైట్, చివరికి బయట గడియారం ముల్లు పట్టుకుని వేలాడటం. ఇది మూకీల కాలంలో హెరాల్డ్ లాయిడ్ గడియారం పట్టుకుని వేలాడినదానికి దండం పెట్టినట్టు. కాకపోతే లాయిడ్ పడడు, ఇతను పడతాడు. రెండు గుడ్డ పందిళ్ళు చించుకుంటూ నేల మీదికి. అంతా నిజంగా పడ్డదే అని తెలియడానికి వేరే టేకులో పడ్డది కూడా సినిమాలో వెంటనే వేసి చూపించారు.

'పోలీస్ స్టోరీ' (1985) అంతకంటే గట్టిది. అమెరికాలో 'ది ప్రొటెక్టర్' అనే సినిమా చేసినప్పుడు అక్కడి దర్శకుడికీ ఇతనికీ పడలేదు, పోలీసు సినిమా అంటే ఇలా తియ్యాలి అని పంతం పట్టి ఇంటికొచ్చి తీసింది ఇది. మొదట్లో కొండవాలు మీద గుడిసెల మధ్యలోంచి కార్లు దూసుకుపోతాయి, గుడిసెలన్నీ నుజ్జు. తర్వాత గొడుగు వంపు తగిలించుకుని డబుల్ డెక్కర్ బస్సుకి వేలాడతాడు. చివర్లో షాపింగ్ మాల్ ఫైట్‌లో అద్దాలు ఎన్ని పగిలాయంటే, యూనిట్ వాళ్ళు దీన్ని 'గ్లాస్ స్టోరీ' అని పిలుచుకున్నారట. లైట్ల తీగలు చుట్టిన స్తంభం పట్టుకుని పైనుంచి కిందికి జారిన షాట్‌లో చేతులు కాలాయి. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఆ ఏడాది ఉత్తమ చిత్రం ఇదే. ఇంత హడావుడి మధ్యలో ఒక సీన్ ఉంటుంది: ఎవరూ లేని పోలీస్ స్టేషన్‌లో జాకీ ఒక్కడే కూర్చుని నూడుల్స్ తింటూ, ఒకేసారి మోగే నాలుగైదు ఫోన్లకు సమాధానం చెబుతూ, ఆ వైర్లన్నీ మెడకీ చేతులకీ చుట్టుకుని తన్నుకుంటూ ఉంటాడు. ఎవరినీ కొట్టడు, కానీ అది కూడా ఫైట్ సీనే, శత్రువులు ఫోన్లు. నాకు మాల్ ఫైట్ కంటే ఇదే ఇష్టం, తిట్టుకుంటే తిట్టుకోండి.

సామో హంగ్ దారి వేరు. జాకీ కంటే ఆ స్కూల్లో సీనియర్, లావుగా ఉంటాడు, కానీ గాల్లో తిరిగినప్పుడు ఆ లావు ఎటు పోయిందో తెలియదు. ఇతని సినిమాల్లో దెబ్బ బరువుగా ఉంటుంది, వీపు మీద తగిలితే మనకు తెలుస్తుంది. ఇంకోటి, ఇతను నవ్విస్తూ నవ్విస్తూ ఉన్నట్టుండి గుండె పిండేస్తాడు. 'ది ప్రాడిగల్ సన్' (1981) తీసుకోండి. యుయెన్ బియావ్ డబ్బున్న ఇంటి అబ్బాయి, ఊళ్ళో ఎవరితో కొట్లాడినా గెలుస్తాడు, తనంతటి వీరుడు లేడనుకుంటాడు. అసలు సంగతేంటంటే ఇంట్లోవాళ్ళు ముందే అవతలివాళ్ళకు డబ్బులిచ్చి ఓడిపొమ్మంటారు. ఇది పక్కా కామెడీ పాయింట్. నిజం తెలిసి, ఒపేరాలో ఆడవేషాలు వేసే ఒక వింగ్ చున్ (కుంగ్‌ఫూలో ఒక పద్ధతి) గురువు వెంట పడతాడు, ఆ పాత్రలో లామ్ చింగ్-యింగ్ చూపించిన చేతివాటం ఇప్పటికీ చాలామంది వింగ్ చున్ నేర్చుకునేవాళ్ళు మెచ్చుకుంటారు. మధ్యలో ఒక రాత్రి ఆ నాటక బృందాన్ని మొత్తం ఊచకోత కోసేస్తారు. ఇంతవరకూ నవ్వుతున్న మనకి మాట రాదు. ఈ మలుపు కొందరికి నచ్చదు, సినిమా మధ్యలో మారిపోయినట్టు ఉందంటారు. నాకు మాత్రం అదే సామో హంగ్ సంతకం. 'పెడిక్యాబ్ డ్రైవర్' (1989) కూడా అంతే: మకావూలో రిక్షాలు తొక్కేవాళ్ళ కథ, ట్యూబ్‌లైట్లు చేతపట్టి 'స్టార్ వార్స్' కత్తుల్లా తిప్పుతూ వెక్కిరించే ఫైట్ ఉంది, పేకాట దందా నడిపేచోట లావ్ కార్-లియుంగ్ అనే పాతకాలపు కుంగ్‌ఫూ సినిమాల మహానుభావుడితో ఫైట్ ఉంది, ఆ తర్వాత కథ ఎంత చీకట్లోకి పోతుందో చెప్పను.

ఒకే బడిలో అన్నదమ్ముల్లా పెరిగిన జాకీ, సామో, యుయెన్ బియావ్ ముగ్గురూ కలిసి చేసినవాటిలో 'వీల్స్ ఆన్ మీల్స్' (1984) సరదాకి మొదటిది. బార్సిలోనాలో బండి మీద తిండి అమ్ముకునే ఇద్దరి కథ, తీసింది సామో. కథలో పెద్ద సరుకు లేదు, నిజం చెప్పాలంటే మధ్యలో లాగుతుంది కూడా. కానీ చివర్లో జాకీకీ అమెరికన్ కిక్‌బాక్సర్ బెన్నీ ఉర్కిడెజ్‌కీ ఫైట్ ఉంది చూశారూ, ఆ దశకంలో అంతకంటే మంచి ఒంటరి పోరు నేను చూడలేదు. ఉర్కిడెజ్ కాలు తిప్పిన గాలికి కొవ్వొత్తులు ఆరిపోతాయి. దెబ్బలు తిని తిని జాకీ ఒకచోట ఆగి, ఇది మామూలు ప్రాక్టీసే అనుకుందాం అని తనకు తానే చెప్పుకుని ఒళ్ళు వదులు చేసుకుంటాడు, అక్కణ్ణుంచి లెక్క మారిపోతుంది. అదే సమయంలో పక్కన సామో కత్తి పట్టుకుని ఇంకొకడితో తంటాలు పడుతుంటాడు, అదంతా నవ్వులాట. ఒకే ఇంట్లో రెండు రకాల సినిమా నడుస్తోంది. నాలుగేళ్ళకు 'డ్రాగన్స్ ఫరెవర్' (1988)లో ముగ్గురూ మళ్ళీ కలిశారు, ఉర్కిడెజ్ కూడా వచ్చాడు, ఫైట్లు అదిరిపోతాయి, కామెడీ మాత్రం అరువు తెచ్చుకున్నట్టుంటుంది.

ఇక్కడి దాకా గోల్డెన్ హార్వెస్ట్ ఇంటి సంగతి, అంటే షా బ్రదర్స్ అనే పాత పెద్ద సినిమా కంపెనీ నుంచి బయటికొచ్చి రేమండ్ చౌ 1970లో పెట్టిన కంపెనీ. దానికి పోటీగా 1980లో కార్ల్ మాకా, రేమండ్ వాంగ్, డీన్ షెక్ అనే ముగ్గురు హాస్యగాళ్ళు సినిమా సిటీ అని ఒకటి పెట్టారు. వీళ్ళ పద్ధతి చాలా వేరు. సుయి హార్క్, ఎరిక్ సాంగ్ లాంటి ఇంకొంతమందితో కలిసి ఒక గదిలో కూర్చుని, ఏ రీల్లో ఎన్ని నవ్వులు, ఎక్కడ చేజ్, ఎక్కడ సెంటిమెంట్ అని లెక్క వేసుకుని కథ అల్లేవాళ్ళు. దాని ఫలితం 'ఏసెస్ గో ప్లేసెస్' (1982). జేమ్స్ బాండ్‌కి వెక్కిరింత, పాటల స్టార్ సామ్ హుయి దొంగ, బట్టతల కార్ల్ మాకా తిక్క పోలీసు, ఆడపోలీసుగా సిల్వియా చాంగ్. బొమ్మ కార్లు, మోటార్ సైకిళ్ళు గాల్లోకి లేవడం. హాంకాంగ్‌లో వసూళ్ళ రికార్డు బద్దలు కొట్టింది, వరసగా సీక్వెళ్ళు వచ్చాయి, చైనా కొత్త సంవత్సరానికి థియేటర్లలో ఇలాంటివే, మనకి సంక్రాంతి సినిమా ఎలాగో అలాగ. ఇప్పుడు చూస్తే? సగం జోకులకు కాలం చెల్లింది. లెక్కేసి రాసిన నవ్వు లెక్కేసినట్టే ఉంటుంది. అయినా అప్పటి హాంకాంగ్ జనానికి డబ్బు, కార్లు, కొత్త బిల్డింగుల మీద ఎంత మోజో తెలియాలంటే ఇదొకటి చూడాలి.

కామెడీ అంటే కామెడీయే కావాలి, తన్నులాట వద్దు అనేవాళ్ళకి నేను చెప్పేది మైకేల్ హుయి. పైన చెప్పిన సామ్ హుయికి అన్న. 1970ల మొదట్లో హాంకాంగ్ సినిమాలు దాదాపు అన్నీ మాండరిన్‌లో వచ్చేవి, వీధిలో జనం మాట్లాడుకునే కాంటనీస్ మళ్ళీ తెర మీదికి వచ్చి నిలబడటంలో ఈ అన్నదమ్ముల పాత్ర పెద్దది. ఇతని హీరో ఎప్పుడూ ఒక పిసినారి యజమానో, పెత్తనం చేసే సూపర్‌వైజరో. 'సెక్యూరిటీ అన్‌లిమిటెడ్' (1981)లో సెక్యూరిటీ గార్డుల మీద అజమాయిషీ చేసే ఆ పాత్రకు, మొట్టమొదటి హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటుడు అయ్యాడు. కానీ నాకు నచ్చేది 'చికెన్ అండ్ డక్ టాక్' (1988). మురికి ఓడే ఒక పాత కాల్చిన బాతుల హోటలు, ఎదురుగా తళతళలాడే ఫ్రైడ్ చికెన్ దుకాణం తెరుస్తారు. యజమాని జీతాలివ్వడు, ఫ్యాన్ వెయ్యడు, హెల్త్ ఇన్‌స్పెక్టర్ వస్తే గుండె ఆగినంత పనవుతుంది. చివరికి తనే బాతు వేషం తొడుక్కుని వీధిలోకొచ్చి, కోడి వేషంలో ఉన్నవాడితో కలబడతాడు. దానికి ఒక్క ఏడాది ముందే మన దగ్గర 'అహ నా పెళ్ళంట' వచ్చింది, కోడిని పైన వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే కోట శ్రీనివాసరావు గారు గుర్తున్నారు కదా. ఆ లక్ష్మీపతికీ ఈ బాతుల యజమానికీ పరిచయం చేస్తే ఇద్దరూ కాఫీకి బిల్లు ఎవరు కట్టాలా అని తెల్లారేదాకా కూర్చుంటారు. తెలుగువాళ్ళకి హాంకాంగ్ కామెడీలో అన్నిటికంటే తొందరగా ఎక్కేది ఇదే.

దయ్యాల సంగతి మర్చిపోకూడదు. 'మిస్టర్ వాంపైర్' (1985) నిర్మాత కూడా సామో హంగే. బిగుసుకుపోయిన శవం నడవలేదు కాబట్టి గెంతుతుంది, ఊపిరి బిగబడితే మనల్ని కనిపెట్టలేదు, నుదుటి మీద మంత్రం రాసిన పసుపు కాగితం అంటిస్తే ఆగిపోతుంది, విషానికి జిగురు బియ్యం మందు. ఈ రూల్స్ ముందే చెప్పేస్తారు, ఇక సినిమా అంతా వాటితోనే ఆట. ఊపిరి ఎంతసేపు బిగబడతావు అన్నదే టెన్షన్, అదే నవ్వు. బియ్యం కొట్టువాడు కక్కుర్తి పడి జిగురు బియ్యంలో మామూలు బియ్యం కలిపి అమ్మడం వల్ల కథ అడ్డం తిరగడం అనేది ఏ ఊరివాళ్ళకైనా అర్థమయ్యే విషయం. గురువుగా లామ్ చింగ్-యింగ్ ఒక్కసారి కూడా నవ్వడు, అందుకే మనం నవ్వుతాం. దీని దెబ్బకి గెంతే శవాల సినిమాలు గుంపుగా వచ్చాయి, తైవాన్ వాళ్ళు పిల్లలతో తీశారు, జపాన్‌లో ఆ పిచ్చి బాగా ముదిరింది.

మిషెల్ యో మొదటిసారి హీరోయిన్‌గా చేసిన 'యెస్, మేడమ్' (1985)లో మాత్రం మీరన్న తేడా కనిపిస్తుంది. మిషెల్, సింథియా రోత్‌రాక్ ఇద్దరూ పోలీసులు, ఫైట్లు వాళ్ళవి. ముగ్గురు చిల్లర దొంగలు వేరే, కామెడీ వాళ్ళది. అచ్చం మన కామెడీ ట్రాక్. చివరి పది నిమిషాలు అద్భుతం, మిషెల్ వెనక్కి వాలి అద్దం పగలగొట్టుకుని తలకిందులుగా వేలాడుతూ కిందివాళ్ళను లాగేస్తుంది. ఆవిడ బాలే నేర్చుకున్న మనిషి, కుంగ్‌ఫూ కాదు, నమ్మబుద్ధి కాదు. మిగతాది ఫార్వర్డ్ చేసుకున్నా పాపం లేదు. దీనికి పూర్తిగా ఎదురు 'పెకింగ్ ఒపేరా బ్లూస్' (1986), సుయి హార్క్ తీసింది. ముగ్గురు ఆడవాళ్ళు, సైనిక పాలకుల కాలపు బీజింగ్, రాజకీయం, నాటకం, తుపాకులు అన్నీ కలిపి ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోనివ్వడు. తండ్రి గదిలోకి వచ్చేసరికి దుప్పటి కింద ఒకళ్ళ మీద ఒకళ్ళు దాక్కునే సీన్ ఒకటుంది, దాన్ని నోటితో చెబితే ఏమీ ఉండదు, చూడాలి.

1986 తర్వాత 'ఎ బెటర్ టుమారో'తో జనం తుపాకుల వైపు మళ్ళారు. అది తీసిన జాన్ వూ అంతకు ముందు చాలా ఏళ్ళు కామెడీలు తీసినవాడని చెబితే ఎవరూ నమ్మరు!

జపాన్ విషయానికొస్తే, పోల్చడం కొంచెం అన్యాయం. హాంకాంగ్ కామెడీ పరిగెడుతుంది, జపాన్ కామెడీ కూర్చుంటుంది. అక్కడ ఆ కాలమంతా ఇంటిల్లిపాదీ చూసింది 'తోరా-సాన్' సినిమాలు, 1969 నుంచి 1995 దాకా 48 వచ్చాయి, దాదాపు అన్నీ యోజి యమడా తీసినవే, హీరో ప్రతిసారీ అత్సుమి కియోషియే. ఊళ్ళు తిరిగి సామాన్లు అమ్ముకునే ఒక పెళ్ళికాని అన్నయ్య, టోక్యోలో మిఠాయి కొట్టున్న ఇంటికి వస్తాడు, ఒకామెను ఇష్టపడతాడు, గొడవ పెట్టుకుంటాడు, మళ్ళీ పెట్టె పట్టుకుని వెళ్ళిపోతాడు. ప్రతి సినిమా ఇంతే, అదే దాని సుఖం. ఇక జుజో ఇతామి 'టాంపోపో' (1985) నూడుల్స్ కొట్టు నడపడం నేర్చుకునే ఒకావిడ కథ. చప్పుడు చెయ్యకుండా స్పాగెట్టి తినడం ఎలాగో ఒక మర్యాదస్తురాలు అమ్మాయిలకు పాఠం చెబుతుంటే పక్క టేబుల్ దగ్గర ఒక విదేశీయుడు జుర్రుమని తింటాడు, కాసేపటికి క్లాసంతా జుర్రుకోవడమే. ఆ ఓపిక, ఆ మెల్లగా పాకే నవ్వు హాంకాంగ్‌వాళ్ళకు చేతకాదు. యాక్షన్లో మాత్రం జపాన్ ఆ దశకంలో వెనకబడిందనే చెప్పాలి. స్కూలు పిల్ల యాకుజా (జపాన్ రౌడీల) ముఠాకి నాయకురాలైపోయే 'సెయిలర్ సూట్ అండ్ మెషిన్ గన్' (1981) లాంటివి తమాషాగా ఉంటాయి గానీ, ఒంటి మీద పందెం కాసే ఫైట్లు కావాలంటే జపాన్ ప్రేక్షకులు కూడా జాకీ చాన్ దగ్గరికే వెళ్ళారు.

మొదలుపెట్టడానికి నా వరస: 'ప్రాజెక్ట్ ఎ', తర్వాత 'చికెన్ అండ్ డక్ టాక్', తర్వాత 'మిస్టర్ వాంపైర్'. ఈ మూడూ నచ్చితే 'పోలీస్ స్టోరీ', 'ది ప్రాడిగల్ సన్'. ఐదో సినిమాకి మీకే తెలిసిపోతుంది మీరు జాకీ పార్టీయా సామో పార్టీయా అని.

వీలైనంత వరకు కాంటనీస్ ఆడియో పెట్టి సబ్‌టైటిల్స్‌తో చూడండి. నిజానికి అప్పటి హాంకాంగ్ సినిమాలు ఎక్కువగా మాటలు లేకుండా షూట్ చేసి తర్వాత డబ్బింగ్ చెప్పినవే, పెదాలు అటూ ఇటూ అయితే కంగారు పడకండి. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో మాత్రం నవ్వు సగం చచ్చిపోతుంది, కొన్నిటిని విదేశాల కోసం కత్తిరించారు కూడా. ఫైట్లు ఒక్కోచోట మరీ వేగంగా అనిపిస్తాయి, కెమెరాని సెకనుకు 24 ఫ్రేముల కంటే కాస్త తక్కువలో తిప్పి తీసే అలవాటు వాళ్ళది, మీ టీవీ తప్పేం కాదు. సినిమా అయిపోగానే ఆపెయ్యకండి, పేర్లు పడేటప్పుడు తప్పిపోయిన టేకులు చూపిస్తారు. ఆ అలవాటు జాకీ 'ది కానన్‌బాల్ రన్' అనే అమెరికన్ సినిమాలో నటించినప్పుడు పట్టుకొచ్చి, 'డ్రాగన్ లార్డ్' (1982) నుంచి తనవాటికి పెట్టుకున్నాడు. అక్కడివి నాలుక తడబడిన టేకులు, ఇక్కడివి ఎముకలు విరిగినవి.

పిల్లలతో చూసేటట్టయితే ఒక హెచ్చరిక. 'మై లక్కీ స్టార్స్' (1985), దాని వరస సినిమాలు పెట్టకండి. పేర్లు పెద్దవి, జాకీ కూడా కాసేపు కనిపిస్తాడు, కానీ ఐదుగురు మగాళ్ళు ఒకమ్మాయి ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి వేసే ఎత్తులనే కామెడీ అనుకుని చాలాసేపు సాగదీస్తారు. అప్పట్లో విరగబడి చూశారు, ఇప్పుడు చూస్తుంటే ఒళ్ళు మండుతుంది. 'పోలీస్ స్టోరీ'లో కూడా జాకీ ప్రియురాలిగా వేసిన మ్యాగీ చంగ్‌ని ఆడించే తీరు కొంచెం ఇబ్బందే, కాకపోతే దాన్ని దాటుకుని వెళ్ళొచ్చు. పిల్లలకి 'ప్రాజెక్ట్ ఎ' పెట్టండి, 'మిస్టర్ వాంపైర్' అయితే పదేళ్ళు దాటినవాళ్ళకి, అదీ రాత్రిపూట వద్దు.